వదినతో నడిచిన చదును దారులు

మా ఆడపడుచుకు కరెంటు పెట్టించాలని డాక్టర్లు చెప్పేనాటికి ఆవిడ మా ఇంటి గడప తొక్కి తొమ్మిదేళ్లు దాటింది. రేడియేషన్‌ని మా వైపు అందరూ కరెంటు పెట్టడమనే అంటారు. రొమ్ముకు ఆపరేషన్ అయింది. ఇక ఇరవై అయిదు సార్లు కరెంటు పెట్టాలి. శని, ఆదివారాలు తప్ప రోజూ ఆస్పత్రికి రావాలి. చాట్రాయి దగ్గరి పల్లె నుంచి బెజవాడకు రోజూ బస్సులో వచ్చిపోవడం ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే కష్టం.

"అక్క మనింట్లో ఉంటుంది" అన్నాడు మా ఆయన. అడగలేదు, చెప్పాడు. నేను సరేనన్నాను. ముందు గదిలో మంచం మీది పుస్తకాలన్నీ తీసి సర్దుతూ, ఆవిడ ముఖం ఎలా చూడాలా అని ఆలోచించాను.

ఆవిడ ఆయనకంటే పద్నాలుగేళ్లు పెద్ద. వాళ్లమ్మ ఆయన్ని కన్న రెండో నెలలో పోయింది. అప్పట్నుంచీ తమ్ముణ్ణి చంకనేసుకుని మామిడితోటల్లో కూలికి పోయి పెంచింది. ఆయన ఐటీఐ చదివి బస్సు డిపోలో మెకానిక్ అయ్యాడంటే ఆవిడ రెక్కల కష్టమే. తమ్ముడు చేతికి అందివచ్చాక గాని తను పెళ్లి చేసుకోలేదు. పిల్లలు కలగలేదు. భర్త కూడా తొందరగానే పోయాడు. నేను బెజవాడలో పుట్టి పెరిగినదాన్ని, స్కూల్లో లెక్కలు చెబుతాను. ఆవిడ సంగతంతా పెళ్లినాటి నుంచే నాకు తెలుసు. తెలిసి కూడా ఆ మాట అన్నాను.

మేం ఇల్లు కట్టుకుని చేరిన రోజది. మంచి మామిడి కోతల కాలం. ఆవిడ ముందురోజు సాయంత్రం దాకా తోటలో పనిచేసి పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చింది. ఫాదర్‌గారు వచ్చి ఇల్లు దీవించి వెళ్లారు. మా హెడ్‌మిస్ట్రెస్, టీచర్లు హాల్లో కూర్చున్నారు. ఆవిడ ఎవరూ చెప్పకుండానే పళ్లెంలో లడ్లు పెట్టుకుని వాళ్లకు అందించబోయింది. కాయ తొడిమ విరిచినప్పుడు చిమ్మే సొన తగిలితే చర్మం కాలి నల్లబడుతుంది. ఎంత తోమినా పోదు. ఆవిడ వేళ్లన్నీ అలాగే ఉన్నాయి. మా టీచరొకామె లడ్డు తీసుకోబోయి ఆ వేళ్లు చూసి ఆగడం నా కంట పడింది.

"వదినా, మీరు వడ్డించకండి. చేతులు చూసుకోండి ఒకసారి" అన్నాను. గొంతు తగ్గించి కూడా అనలేదు.

ఆవిడ తల వంచుకుని పళ్లెం టీపాయ్ మీద పెట్టింది. కొంగుకు చేతులు తుడుచుకుంది. కాసేపటికి చూస్తే సంచి లేదు, ఆవిడా లేదు. అన్నం తినకుండా వెళ్లిపోయింది. మా ఆయనకు ఎవరు చెప్పారోగాని నెలరోజులు నాతో ముక్తసరిగా మాట్లాడాడు. ఆ తర్వాత ఆయనొక్కడే అక్క దగ్గరికి వెళ్లి వచ్చేవాడు. వెళ్లినప్పుడల్లా ఆవిడ మామిడిపళ్లో, మాగాయో పంపేది. నేను తినేదాన్ని. ఫోన్ చేసి బాగున్నాయని ఒక్కసారైనా చెప్పలేదు.

ఆవిడ జనవరి చివర్లో వచ్చింది. సగానికి సగం అయిపోయింది మనిషి. "బాగున్నావా అమ్మాయ్?" అంది, నిన్నగాక మొన్న చూసినట్టు. ఆయన సెకండ్ షిఫ్ట్ వేయించుకుని పొద్దున్న ఆస్పత్రికి తీసుకెళ్లేవాడు, మధ్యాహ్నం డ్యూటీకి పోయేవాడు. నాలుగున్నరకు నేను స్కూలు నుంచి వచ్చేసరికి ఇంట్లో ఆవిడ ఒక్కతే కుర్చీలో కూర్చుని ఉండేది.

డాక్టరు ఒకటే మాట చెప్పాడు. "ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నాయి. మెట్లు, ఎత్తులు వద్దు. చదునుగా ఉన్నచోట రోజూ నడిపించండి, నీరసం తగ్గుతుంది."

అలా మొదలయ్యాయి మా నడకలు. మాది గుణదల. ఇంటికి దగ్గర్లోనే ఏలూరు కాలవ. మొదటి సాయంత్రం ఆ గట్టు మీదికి తీసుకెళ్లాను. గుర్రపుడెక్క కొట్టుకొస్తోంది. ఒడ్డున చెత్త. అయినా పక్కన చెట్లున్నాయి, దారి చదును. నేను స్పోర్ట్స్ షూ వేసుకున్నాను, ఆవిడ హవాయి చెప్పులు. మూడో కరెంటు స్తంభం దగ్గర ఆగి దాన్ని పట్టుకుని ఊపిరి తీసుకుంది.

"ఈ నీళ్లు ఎందాకా పోతయ్యి అమ్మాయ్?"

"ఏలూరు దాకా వదినా."

"అంత దూరం పోవాల్సినియ్యి ఇంత మెల్లగా పోతన్నయ్యేంటి?" అంది. నాకు నవ్వొచ్చింది. ఆవిడా కొంచెం నవ్వింది. ఆ రోజుకు అంతే.

వారం తిరిగేసరికి పదకొండు స్తంభాల దాకా వెళ్లగలిగింది. గట్టు మీద రోజూ నడిచేవాళ్లు పలకరించడం మొదలుపెట్టారు. "మీ అమ్మగారా?" అని ఒకావిడ అడిగితే నేను జవాబు చెప్పేలోపే "ఆడబిడ్డనండీ" అంది మా వదిన. సాయంత్రాలు ఈ గట్టు మీద. ఆదివారం చర్చిలో పూజ అయ్యాక ఆటోలో బస్టాండు వెనక నది ఘాటుకు వెళ్లేవాళ్లం. మెట్లు దిగకుండా పైన సిమెంటు చేసిన జాగాలో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేవాళ్లం. కింద జనం నీళ్లు నెత్తిన చల్లుకుంటుంటే ఆవిడ నిలబడి చూసేది. నదికి ఇంత దగ్గరగా ఎప్పుడూ నిలబడలేదట. ఎప్పుడొచ్చినా గుణదల చూసుకుని తిరిగి బస్టాండుకే.

నడుస్తూ చెప్పే కబుర్లన్నీ తోటలవే. కోతకొచ్చిన కాయ తొడిమ దగ్గర ఎలా గుంట పడుతుందో, గడ్డిలో పేర్చేటప్పుడు ఏ కాయ కింద ఉండాలో. మా ఆయన రెండేళ్లవాడప్పుడు చీమలపుట్ట మీద కూర్చున్న కథ మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ విన్నాను. ఇంత నవ్వించే మనిషని నాకు తెలియదు. తొమ్మిదేళ్లలో తెలుసుకోవాల్సింది ఐదు వారాల్లో తెలుస్తుండేది. వెనక్కి తిరగబోయే ముందు "ఇంకో రెండు స్తంభాలు నడుద్దామా?" అనేదాన్ని.

ఫిబ్రవరిలో గుణదల కొండ మీది మాత తిరునాళ్లు వచ్చాయి. మా వీధి నిండా జనం, బొమ్మల దుకాణాలు, చెరుకుగడలు, కొవ్వొత్తులు. ఆవిడ రెండు రోజులుగా ఏదో అడగాలని ఆగుతోందని గమనించాను. చివరికి అడిగింది.

"కొండెక్కొచ్చా అమ్మాయ్? మెల్లగా. ఎన్ని గంటలైనా సరే."

పదిహేనేళ్ల వయసులో ఆవిడ ఏడాది పిల్లాణ్ణి చంకనేసుకుని ఊరివాళ్లతో కలిసి మా ఊరి దాకా నడిచొచ్చింది. ఆ కొండెక్కి తమ్ముడికి తలనీలాలు ఇప్పించింది. వాడు బతికి బట్టకడితే మళ్లీ వస్తానని మొక్కుకుందట. తర్వాత చాలాసార్లు వచ్చింది. ఈసారి తన కోసం వెళ్లాలనుంది.

డాక్టరు మాట గుర్తుచేశాను. "పోనీ నువ్వు ఎక్కి నా పేరున కొవ్వొత్తి పెట్టు. నేను కింద కూచుంటా" అంది. ఒక దుకాణం పక్కన స్టూలు అడిగి తీసుకుని కూర్చోబెట్టాను. ఆ జనంలో ఎక్కి, కొవ్వొత్తి వెలిగించి, దిగేసరికి గంటకు పైనే పట్టింది. వచ్చి చూస్తే స్టూలు ఖాళీ. దుకాణమతను మెట్ల వైపు చూపించాడు. పరుగెత్తాను. దిగేటప్పుడు ఆ జనంలో నాకు కనబడలేదు, ఒక ముప్పై మెట్ల పైన, అంచున కూలబడి ఉంది. పెదాలు నల్లబడ్డాయి. ఎవరో ఆమెకు నీళ్లు పట్టిస్తున్నారు.

భయం కోపమైంది. "ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు? చిన్నపిల్లా మీరు? మీకేమన్నా అయితే మీ తమ్ముడికి నేనేం సమాధానం చెప్పుకోవాలి?" అని అరిచాను. మెట్లెక్కేవాళ్లు ఆగి చూశారు. ఆవిడ తలొంచుకుని కొంగుతో మూతి తుడుచుకుంది. నా మాటకు ఆ మనిషి పదిమందిలో తల వంచుకోవడం అది రెండోసారి.

చేయి పట్టుకుని దింపాను. తర్వాత రెండు సాయంత్రాలు "ఒళ్లు బాలేదమ్మాయ్" అని నడకకు రాలేదు. మూడో రోజు చెప్పులేసుకుని గేటు దగ్గర నిలబడింది. మళ్లీ గట్టు మీదికి వెళ్లాం గాని, తోట కబుర్లు లేవు.

ఆ ఆదివారం తనే అడిగింది, "బ్యారేజీ మీద నడవనిస్తారా? బస్సులో పోయేటప్పుడు చూట్టమేగాని దిగింది లేదు" అని. ఎండ తగ్గాక వెళ్లాం. ఒక పక్క నిండా నీళ్లు, రెండో పక్క ఇసుక మేటలు. గాలికి ఆవిడ చీర కొంగు ఎగురుతుంటే రెండు చేతులతో పట్టుకుని నడిచింది. చాలా మెల్లగా నడిచాం. సగం దాకా వెళ్లి రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాం. కింద తెప్ప మీద ఒకతను వల తీస్తున్నాడు.

"వదినా, ఆ రోజు నేనన్న మాట..."

"ఏ రోజు?" అంది, తెలిసే.

"ఇంట్లో చేరిన రోజు. లడ్ల పళ్లెం. ఆ మాట అనకుండా ఉండాల్సింది. మొన్న కొండ దగ్గర కూడా. క్షమించండి."

వలలో పడ్డ చేపలు ఆ తెప్పతను బుట్టలో వేసుకునేదాకా ఆవిడ చూసింది.

"మొన్న కొండ దగ్గర భయపడ్డావు. దానికేం లేదు" అంది. "ఆ రోజుది మాత్రం చాలా కోపమొచ్చింది అమ్మాయ్. బస్సులో ఆగిరిపల్లి దాకా ఏడ్చా. నీ మొగుడికి గోరుముద్దలు పెట్టింది ఈ చేతులేగా అనుకున్నా."

"ఇంకా ఉందా వదినా కోపం?"

"పోయిందంటే అబద్ధమవుద్ది. కొంచెం ఉంది." నా వైపు తిరిగింది. "కానీ నీతో నడుస్తుంటే బాగుంటంది. సాయంత్రం ఎప్పుడవుద్దా అని చూస్తా ఉంటా. అదీ ఉంది, ఇదీ ఉంది. పద, గాలి ఎక్కువైంది."

పూర్తిగా క్షమించానని ఆవిడ అని ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. ఆ కొంచెం కోపం ఉందని చెప్పినందుకే ఆ రోజు నుంచి ఆవిడ పక్కన తేలిగ్గా నడవగలిగాను.

మార్చి మొదటి వారంలో ఇరవై అయిదూ పూర్తయ్యాయి. ఇక్కడే ఉండమని ఇద్దరం బతిమాలాం. "నా ఇల్లు నాకుందిగా. పక్కింటామె చూసుకుంటది" అని వెళ్లిపోయింది. ఆ పక్కింటామె, మా వదిన ఇద్దరూ ముప్పై ఏళ్లు కలిసి తోటల్లో పనిచేశారు.

సెలవులిచ్చాక మే నెలలో నేనొక్కదాన్నే వెళ్లి మూడు రోజులున్నాను. పెళ్లయ్యాక ఆవిడ ఇంట్లో అన్ని రోజులుండటం అదే మొదలు. ముఖంలో కొంచెం రంగొచ్చింది. సాయంత్రం నేను అడక్కముందే "పద, ఇప్పుడు మా దారి చూద్దువుగాని" అంది.

ఇక్కడ ఆవిడ ముందు, నేను వెనక. రెండు తోటల మధ్య ఎర్రమట్టి బండిదారి. చదునే, కాని వేళ్లు పైకి తేలి ఉంటాయి. "కింద చూసి నడువు" అని వెనక్కి తిరక్కుండానే చెప్పేది. పాకలో ఆడవాళ్లు కాయలు ఏరి గడ్డిలో సర్దుతున్నారు. "ఏంటక్కా, పని మానేసి దొరసానిలాగా షికారుకు పోతన్నావా?" అని ఒకామె అరిచింది. "మా మరదలు బెజవాడలో నేర్పింది! రోజూ ఊరికే నడవాలంట, ఎక్కడికీ పోకుండా!" అని ఈవిడ. అందరూ పకపకా నవ్వారు. ఒకామె లేచి వచ్చి రెండు చిన్నరసం మామిడిపళ్లు నా చేతిలో పెట్టింది. మా వదిన వాటిని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, ఒకటి తిరిగిచ్చేసి వేరేది తెప్పించింది.

దారి మలుపు తిరిగాక ఒక్కసారిగా ఎండ ముఖాన కొట్టింది. అక్కడ తోట లేదు. మొదళ్లు కొన్ని మిగిలాయి. వాటి మధ్య మోకాలెత్తు పామాయిల్ మొక్కలు వరసలుగా ఉన్నాయి.

"పోయినేడు కొట్టేశారు" అంది. "చెట్లు ముసలయ్యినయ్యి, కాపు లేదని. నిజమే, కాపు లేదు." ఒక మొదలు దగ్గరికి వెళ్లి నిలబడింది. "మీ ఆయన్ని ఈ కొమ్మకే ఉయ్యాల కట్టి పడుకోబెట్టి కాయలు ఏరేదాన్ని." కొమ్మ ఉండాల్సిన చోటికి చేయెత్తి చూపించింది. అక్కడ ఏమీ లేదు. చేయి దించింది. "ఇక్కణ్నుంచి నీడ లేదమ్మాయ్. వెనక్కి పోదాం."



జూలైలో దగ్గు మొదలైంది. మా ఆయన తీసుకొచ్చి మళ్లీ పరీక్షలు చేయించాడు. జబ్బు ఊపిరితిత్తుల్లోకి పాకింది. డాక్టరు ఆయన్ని పక్కకు పిలిచి ఇంటి దగ్గరే ఉంచి చూసుకోమన్నాడు. మా ఇంట్లో ఉండటానికి ఆవిడ ఒప్పుకోలేదు. రెండు ఆదివారాలు ఇద్దరం వెళ్లాం. రెండోసారి వెళ్లినప్పుడు వాన, బండిదారి బురద. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని వానను చూశాం.

ఆ తర్వాత ఒక గురువారం సాయంత్రం ఫోన్ చేసింది. మాటకీ మాటకీ మధ్య ఆయాసం.

"ఆదివారం వస్తావా అమ్మాయ్? వాన తెరిపిచ్చింది. దారి ఆరింది. పాక దాకా అన్నా నడుద్దాం."

నా ముందు యూనిట్ టెస్ట్ పేపర్లు రెండు కట్టలున్నాయి. సోమవారం ఇచ్చేయాలి. "ఈ ఆదివారం కాదు వదినా, వచ్చే ఆదివారం తప్పకుండా వస్తా" అన్నాను.

"సరే అమ్మాయ్. పని చూసుకో" అంది.

మంగళవారం పొద్దున పక్కింటామె ఫోన్ చేసింది. తను కాఫీ తెచ్చేసరికి వదిన గోడకు ఆనుకుని కూర్చున్నది కూర్చున్నట్టే పోయిందట.

వాళ్ల సమాధుల దొడ్డి తోటలకు ఆవల ఉంది. పెట్టెను అదే బండిదారిలో మోసుకెళ్లారు. మా ఆయన ముందు వైపు పట్టాడు. వెనక మేం ఆడవాళ్లం. మళ్లీ కురిసిన వానకు కాళ్లు జారుతుంటే ఒకరినొకరు పట్టుకుని నడిచాం. పాకలో పనిచేసే ఆడవాళ్లంతా ఆ రోజు కూలి మానుకుని వచ్చారు. నా పక్కన నడిచిన పక్కింటామె నా చేతిని గట్టిగా పట్టుకుంది. ఆమె వేళ్ల మీద కూడా ఆ నల్లటి మచ్చలున్నాయి. నేను చూస్తున్నానని గ్రహించి ఆమె చేయి వెనక్కి తీసుకోబోయింది. నేను వదల్లేదు.

నలభయ్యో రోజు పూజ చేయించి వచ్చాం. ఆ గురువారం ఫోన్ సంగతి అప్పటిదాకా మా ఆయనకు చెప్పలేదు. చెప్పాలని నోటిదాకా వచ్చి ఆగిపోయేది. తర్వాతి ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం వంటింట్లో గోంగూర ఒలుస్తున్నాం. అప్పుడు చెప్పాను. రమ్మందని, పేపర్లున్నాయన్నానని, వచ్చే ఆదివారం అన్నానని.

ఆయన చేతిలో కాడ అలాగే పట్టుకుని ఉండిపోయాడు. నన్నేమైనా అంటే బాగుండునని చూశాను.

"నాకూ చేసింది" అన్నాడు.

"ఎప్పుడు?"

"అదే రోజు. నీకు చేశాక. 'అమ్మాయికి కుదరదంట, నువ్వన్నా వస్తావేంట్రా' అంది. డ్యూటీ ఉందక్కా అన్నాను."

"ఉందా?"

"లేదు. వీక్లీ ఆఫ్. ఒళ్లు నొప్పులుగా ఉంది, పడుకుందామనుకున్నా."

సమాధి దగ్గర కూడా ఏడవని మనిషి అక్కడ గోంగూర ముందు కూర్చుని ఏడ్చాడు. ఓదార్చే అర్హత నాకు లేదు. ఆయన ముందున్న కాడలు నా వైపు లాక్కుని ఆకు ఒలవడం పూర్తిచేశాను. కడిగి, పొయ్యి మీద పెట్టాను.